చింతపండుతో తోమిన నట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులతోపాటు ట్రాక్టర్ ట్రాలీ కూడా కొబ్బరినీళ్ళు తాగేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ప్రతి దసరాకూ ట్రాలీని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసేవాళ్ళం. మా అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళన్నీ ఎడమ చక్రం నట్ల మీద పోసేది. ఏడాదంతా బరువు మోసిన చక్రానికి దాహం తీరాలని ఆవిడ ఉద్దేశం. కుడి చక్రం ఏం పాపం చేసిందని ఒకసారి అడిగితే, పెద్దవాళ్ళు పూజ చేసేటప్పుడు నడుమ మాట్లాడొద్దని నా నోరు మూయించింది.

అలా ఎన్ని దసరాలు గడిచాయో తెలియదు. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఎడమ చక్రానికున్న ఆరు నట్లూ చిలుము పట్టి, చక్రంతో పాటే పుట్టాయా అన్నట్టు బిగుసుకుపోయాయి. సరిగ్గా అప్పుడే ఆ టైరు పాడైంది. నాలుగో రోజు పొద్దున మా తమ్ముడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి జుక్కల్ దగ్గర మా మేనత్త ఊరికి చుట్టాలందరం ఆ ట్రాలీలోనే బయలుదేరాలి. ఇప్పటిలా మా బాన్సువాడలో చెయ్యెత్తితే ఆగే ఆటోలు లేవప్పుడు.

నాన్నను మేం బాపు అనేవాళ్ళం. బాపు రెండు రోజులు ఆ నట్లతో కుస్తీ పట్టాడు. పానాకు ఇనుప పైపు తగిలించి, దాని మీదికెక్కి తొక్కాడు. నట్టు కదల్లేదు గానీ పైపు వంగింది, బాపు వెనక్కి పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మా బాపు మంచివాడే, కాకపోతే కోపం ముక్కు మీదుండేది, చెయ్యి కూడా తొందరగానే లేచేది.

మూడో రోజు బస్టాండు దగ్గర ట్రాక్టర్లు బాగుచేసే మిస్త్రీ తాతను పిలిపించారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కుటుంబం వాళ్ళది. మాతో మాత్రం మా తెలుగే మాట్లాడేవాడు. తెల్లగడ్డం, షర్టు పై జేబులో బీడీల కట్ట. ఆయన నట్లను వేలితో గీకి చూసి మా అవ్వ వైపు తిరిగాడు.

"కొబ్బరినీళ్ళు మంచిగనే తాపినవ్ అక్కా. ఒక్కనాడన్న ఇంత నూనె తాపినవా?"

"కూరల్నే నూనె సాలుతలేదు, చక్రానికి యాడికెళ్ళి తేవాలె?" అంది అవ్వ, ఏమాత్రం తగ్గకుండా.

మిస్త్రీ తాతకు తొందర లేదు. తీగల బ్రష్‌తో చిలుము గీకాడు. గ్యాస్‌నూనెలో, అంటే కిరోసిన్‌లో తడిపిన గుడ్డపీలికలు నట్లకు చుట్టి, బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. తర్వాత సుత్తితో మెల్లగా చుట్టూ తట్టి, పానా పెట్టి ముందు బిగించే వైపు ఒక వెంట్రుకంత తిప్పి, ఆ పైన విప్పే వైపు లాగాడు. కిర్రుమంటూ మొదటిది కదిలింది. విప్పడానికి కూడా ముందు కాస్త బిగించాలా అని నేను నోరు తెరుచుకుని చూశాను. మధ్యాహ్నానికి ఆరూ ఊడొచ్చాయి గానీ లోపలి మరలను చిలుము తినేసింది. అవి మళ్ళీ వేస్తే దారిలోనే చక్రం ఊడుతుందని, కొత్తవే కావాలని చెప్పాడు. బాపు బజారుకెళ్ళి టైరు బాగుచేయించి, ఆరు కొత్త నట్లు తెచ్చాడు. ఒక్కటి పోయినా ఊరుకోనని అందరి ముందూ హెచ్చరించాడు.

వాటిని పళ్ళెంలో పెట్టి, కాస్త గ్రీజు రాసి తెమ్మని మిస్త్రీ తాత నాకు పని చెప్పాడు. ఎంత గొప్ప పనో నాకప్పుడు! గ్రీజు రాశాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? నట్లను వేళ్ళకు ఉంగరాల్లా తొడుక్కుని పక్కింటి పిల్లకు చూపించడానికి వాకిటి ముందున్న మురుగు మోరీ దాటుతూ చెయ్యి ఊపాను. గ్రీజు రాసిన ఉంగరం ఆగుతుందా? ఒకటి జారి బుడుంగున మోరీలో పడింది. మోచేతి దాకా బురదలో పెట్టి వెతికాను. దొరకలేదు.

బాపుకు చెప్పాలంటే కాళ్ళు రాలేదు. విప్పి పడేసిన పాత నట్ల కుప్పలోంచి ఒకటి తీసుకుని గిన్నెలు తోమే జాలాట్లోకి వెళ్ళాను. అమ్మ రాగి చెంబులు తోమేటప్పుడు చూసిన విద్యే కదా. చింతపండు, పొయ్యిలో బూడిద వేసి చెయ్యి నొప్పిపుట్టేలా తోమాను. చిలుము పోయింది. పైన గ్రీజు దట్టంగా పూసి పళ్ళెంలో పెడితే ఆరింటిలో అదేదో నాకే తెలియనట్టు ఉంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మిస్త్రీ తాత ఐదు నట్లు వేళ్ళతో ఎక్కించి ఆరోది తీశాడు. చేతిలో అటూ ఇటూ దొర్లించాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. ఇంతలో అవ్వ మూటలు కట్టడానికి నన్ను లోపలికి పిలిచింది. పని మధ్యలో వదిలేసి మిస్త్రీ చాయ్‌కి పోయాడని, సైకిలేసుకుని పోయినవాడు ఇంకా రాలేదని బాపు గొణగడం లోపలికి వినబడింది. నేను బయటికి వచ్చేసరికి చక్రం బిగించి ఉంది. ఆరు నట్లూ నల్లగా, గ్రీజులో ఒక్కలాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున బయలుదేరాం. కొత్త నట్లు కొంత దూరం తిరిగాక ఇంకోసారి బిగించాలని మిస్త్రీ తాత తన సైకిలును ట్రాలీలో వేసి, తాను బాపు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ట్రాలీలో గడ్డి పరిచి, పైన జంపఖానా వేసి ఇరవై మంది కూర్చున్నాం. అందరూ పాటలు పాడుతుంటే నాకు ఎడమ చక్రం చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. మిస్త్రీ తాత చెప్పిన మాటే చెవుల్లో మోగుతోంది. కాలువ వంతెన దగ్గర పడుతుండగా అమ్మ తమ్ముణ్ణి ఎడమ మూలకు పడుకోబెట్టింది. సరిగ్గా ఆ చక్రం మీద. వాడు వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

ఇక నా వల్ల కాలేదు. ఆపమని అరిచాను. ఇంజను మోతలో ఎవరికి వినబడుతుంది? చేతికందిన చెంబు తీసుకుని ట్రాలీ రేకు మీద దబదబా బాదాను. మిస్త్రీ తాత వెనక్కి తిరిగి చూసి బాపు భుజం తట్టాడు. ట్రాక్టరు ఆగింది.

"ఏందే? ఏమైంది?" అని బాపు కిందికి దూకాడు.

"చక్రం ఊడిపోతది బాపూ! కొత్త నట్టు నేనే మోరీల పడేసిన. పాతదాన్ని చింతపండుతోని తోమి పెట్టిన. తమ్మున్ని దించుండ్రి!"

అమ్మ బిడ్డను గుండెకు హత్తుకుంది. బాపు ముఖం ఎర్రబడి చెయ్యి లేచింది. ఆ చెయ్యి నా మీద పడకముందే మిస్త్రీ తాత మధ్యలోకి వచ్చాడు. బీడీల జేబులో వేళ్ళు పెట్టి, నేను తోమిన నట్టును తీసి చూపించాడు.

"ఇదేనా బిడ్డా? ఇది నేను పెట్టనే లే. ఇనుముకు చింతపండు వాసనెందుకొస్తది? నిన్న చాయ్‌కు కాదు నేను పోయింది, నట్టుకు. నీకు ఒక్కదానికే చెప్దామంటే పొద్దుగాల సందు దొరకలే."

అమ్మయ్య! ఆ క్షణంలో నాకు కలిగిన నిశ్చింత ఇన్నేళ్ళలో మళ్ళీ కలగలేదు. ఏడ్చాను, నవ్వాను, ముక్కు చీదాను, మూడూ ఒకేసారి.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు బాపు ఇంకా కోపంగానే.

"చెప్తే ఏం చేస్తుంటివి?"

బాపు గాల్లోనే ఉన్న తన చెయ్యి వైపు చూసుకున్నాడు. మెల్లగా దించేసి, తలపాగా సర్దుకుంటున్నట్టు నటించాడు.

అప్పుడు మిస్త్రీ తాత నా ముందు గొంతుకూర్చున్నాడు. "పోయిందని చెప్తే ఇంకోటి తెస్త బిడ్డా. చెప్పకుంటె ఎట్ల తెస్త? ఈసారంటె వాసన పట్టిన. పతిసారి నా ముక్కు పనిచేస్తదా?" అన్నాడు. ఇరవై మందీ గొల్లుమన్నారు. బాపు కూడా నవ్వాడు.

ఆయన నట్లన్నీ ఎదురెదురుగా ఒక్కొక్కటీ మళ్ళీ బిగించాడు. ఆరోదానికి పానా నా చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసి లాగించాడు. పాత నట్టును నాకే ఇచ్చి సైకిలెక్కి బాన్సువాడ వైపు వెళ్ళిపోయాడు. మిగతా దారంతా నేను తమ్ముడి పక్కనే, ఎడమ చక్రం మీదే కూర్చుని అందరికంటే గట్టిగా పాడాను.

మా అవ్వ ఆ తర్వాతి దసరాకు కొబ్బరినీళ్ళు పోసింది, వెనకే ఒక గరిటె నూనె కూడా పోసింది. మిస్త్రీ చెప్పాడని మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు.

ఆ నట్టు ఇప్పటికీ నా బీరువా తాళాల గుత్తికి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు చక్రం కన్నా ముందు, నాకూ బాపుకూ మధ్య నిలబడిన ఆ ముసలాయన వీపే గుర్తొస్తుంది. మొన్న మా మనవరాలు వాళ్ళ నాన్న కొత్త స్కూటీని గోడకు గుద్ది, హెడ్‌లైటు పగలగొట్టుకొచ్చింది. నేరుగా నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"అవ్వా, ముందుగాల నీకే చెప్తున్న" అంది.

దెబ్బలేమైనా తగిలాయా అని చేతులూ మోకాళ్ళూ తడిమి చూశాను. ఏమీ కాలేదు. మా అబ్బాయికీ వాళ్ళ తాత, అంటే మా బాపు, కోపమే వచ్చింది. తాళాల గుత్తి బొడ్లో దోపుకుని లేచాను. నేను ముందు, అది నా వెనక, ఇద్దరం కలిసి వాడికి చెప్పడానికి వెళ్ళాం.