పేజీలు శుభ్రం చేసే ఉద్యోగం

శుభ్రం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బందరులో నేను చేసిన ఉద్యోగమే అది. పాత తెలుగు పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా చేస్తామని చెప్పి ఒక కాంట్రాక్టరు స్కానింగ్ సెంటరు తెరిచాడు. గుడివాడ వైపు నుంచీ దివిసీమ నుంచీ చిన్న చిన్న గ్రంథాలయాల పుస్తకాలు గోనెసంచుల్లో వచ్చేవి. కింద గదిలో వాటి కుట్లు కోసేసి, విడి కాగితాలను స్కాన్ చేసేవారు. మేడమీద నేను, తెరమీద కనబడే మరకలు, ముద్రలు, చేతిరాతలు చెరిపేసి పేజీని తెల్లగా చేసేదాన్ని.

రోజుకు ఇన్ని పేజీలు కావాలని పట్టుబట్టేవారు. తగ్గితే మాట పడాలి. నేను ఏనాడూ మాట పడలేదు. చురుకైనదాన్నని లోపల గొప్పగా కూడా ఉండేది, నా మొహం.

ఒకరోజు దివిసీమలోని ఒక ఊరి గ్రంథాలయం నుంచి వరి సాగు పుస్తకం వచ్చింది. దాని అంచుల నిండా పెన్సిలు రాతలు, రకరకాల దస్తూరీలు. ఆ ఊరి రైతులకు ఒక అలవాటు ఉండేదట. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు, అందులో చెప్పింది తమ పొలంలో పనిచేసిందో లేదో పక్కనే రాసి తిరిగిచ్చేవారట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఒక్కచోట మాత్రం చూపు ఆగింది. "ఇది మెరక నేల వాళ్ళ మాట. మన చౌడులో ఇలా చేస్తే నారు చస్తుంది" అని ఉంది. దాని కిందే ఇంకొకరు, "నిజం. నాది చచ్చింది" అని రాశారు. నవ్వొచ్చి సూపర్‌వైజరును పిలిచి చూపించాను.

"బావున్నాయండీ ఇవి, ఉంచేద్దామా?"

"రాతలుంటే ఫైలు వెనక్కొచ్చేస్తుంది మేడమ్. అచ్చులో ఏముందో అదే ఉండాలి. కానివ్వండి, ఇంకా రెండు సంచులున్నాయి."

కానిచ్చాను. ఒక్క పూటలో పుస్తకమంతా తెల్లబడింది.

మరుసటి ఏడు నారుమళ్ళ రోజుల్లో ఒక పెద్దాయన మేడ మెట్లెక్కి వచ్చారు. ఆ గ్రంథాలయం చూసుకునేది ఆయనే. అవనిగడ్డలో బస్సెక్కి పొద్దున్నే బయల్దేరారట.

"మొన్న సముద్రం పోటుకి గట్టు తెగి ఉప్పునీళ్ళు మా పొలాల మీదికి వచ్చేశాయమ్మా. వెనక ఒకసారి ఇలాగే అయితే, ఒకాయన అదే ఏడు మళ్ళీ నారు పోసి పండించుకున్నాడు. ఎలా చేశాడో ఆ వరి పుస్తకంలో రాసిపెట్టాడు. ఆయనిప్పుడు లేడు. మా పుస్తకం మాకిచ్చెయ్యండి. తిరిగిస్తామని కాయితం రాసిచ్చారుగా."

కిందికి వెళ్ళి సూపర్‌వైజరును అడిగాను.

"కోసిన కాగితాలు ఎవరిక్కావాలండీ? ఎప్పుడో తూకానికి వేసేశాం. కంప్యూటర్లో ఉందిగా, ప్రింటు తీసివ్వండి."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఊరివాళ్ళు నమ్మి ఇచ్చిన పుస్తకాన్ని కోసి, చెరిపి, పొట్లాలు కట్టుకునేవాళ్ళకు అమ్మేసి, దానికి భద్రపరచడం అని పేరు. పైగా ప్రజల కోసమట. ఆ ప్రజలు తమ చేత్తో రాసిన నాలుగు మాటలేమో వీళ్ళకు మురికి! అతన్ని కడిగెయ్యాలనిపించింది. కానీ చెరిపిన చెయ్యి నాది.

పెద్దాయన చెప్పిన పేజీ ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని అచ్చంతా చూసి, కాగితం తిప్పి వెనకవైపూ చూశారు.

"రాసిందేదమ్మా?"

"నేనే చెరిపేశాను బాబాయిగారూ. నా పని అదేనండీ."

అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.

"పోన్లే. చెరిపేముందు చదివే ఉంటావుగా. ఏం రాసుందో నువ్వు చెప్పమ్మా, నేను రాసుకుంటాను" అని జేబులోంచి పెన్ను తీశారు.

నేను చదవలేదు.