గాజు పెంకులు పడని మగ్గాల షెడ్డు

చీరాలలోని ఆ మగ్గాల షెడ్డు లోపలి భాగాన్ని ఫొటో తీయడం నా వృత్తిలో ఎదురైన కష్టమైన పనుల్లో ఒకటి. పొడవాటి పెంకుల కప్పు, ఒక చివర తలుపు, రెండో చివర కిటికీ. కిటికీలో ఎండ కళ్ళు చెదిరేలా ఉంటుంది. మధ్యనున్న గుంటమగ్గాల దగ్గర మనిషి ముఖం ఆనదు. కిటికీకి తగ్గట్టు తీస్తే మగ్గాలు చీకట్లో కలిసిపోతాయి. మగ్గాలకు తగ్గట్టు తీస్తే కిటికీ తెల్లటి మచ్చగా మిగులుతుంది.

ఆ షెడ్డు నడిపే చేనేత సొసైటీ అధ్యక్షుడు హైస్కూల్లో నా బెంచీ మీద కూర్చున్నవాడు. బ్రాడీపేటలోని నా స్టూడియోకు తానే వచ్చి అడిగాడు.

"వెలుగు కోసం కప్పులో అక్కడక్కడా గాజు పెంకులు వేయించమని నేతగాళ్ళు అడుగుతున్నార్రా. కమిటీలో ఒక్కడూ షెడ్డులోకి దిగి చూడడు. నువ్వు తీసిపెట్టు, మీటింగులో చూపిస్తాను."

నల్ల పడుగులో తెగిన పోగు వెతకలేక వాళ్ళ కళ్ళు పాడవుతున్నాయని చెప్పినవాడూ అతడే. నమ్మాను.

గదుల ఫొటోలు నేనెప్పుడూ రెండు రకాలుగా ఇస్తాను. మొదటిది కంటికి కనిపించినంత వెలుగుతోనే ఉంటుంది. రెండోదానికి కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలిపి, ఒకే దృశ్యాన్ని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ వెలుగులతో తీసి, అన్నింటినీ కలుపుతాను. అందులో ప్రతి దూలమూ, ప్రతి పోగూ తెలుస్తుంది. మొదటిది గది స్థితికి, రెండోది గది నిర్మాణానికి. ఏది ఏదో ప్రింటు వెనక రాస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని మరీ చెప్పి ఇచ్చాను.

మీటింగయ్యాక, ఫొటోలు తీసేటప్పుడు నాకు మగ్గాలన్నీ చూపించిన నేతపనిచేసే ఆవిడ ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, మీ ఫొటోలో మా షెడ్డు పెళ్ళిమండపంలా వెలిగిపోతోందంటండీ. ఇంత వెలుగుండగా గాజు పెంకులెందుకన్నారంట. ఆ షెడ్డు ఎక్కడుందో చెప్తే అక్కడికే వెళ్ళి నేసుకుంటాం."

చీకటి ప్రింటు ఇంకొకటి తీసుకుని రైలెక్కాను. సొసైటీ ఆఫీసు గోడమీది బోర్డుకు వెలుగు ఫొటో ఒక్కటే అంటించి ఉంది. నేను వెనక రాసినదంతా బోర్డు వైపుకు తిరిగి ఉంది. కమిటీ సభ్యులు కొందరు అక్కడే ఉన్నారు. చీకటి ప్రింటు వాళ్ళ ముందు పెట్టాను.

"ఇది సరిగ్గా పడలేదు కదండీ," అన్నాడు ఒకాయన. "మంచిది మా దగ్గరుందిగా."

షెడ్డు ఉన్నది ఇలాగేనని వివరించబోయాను. నా మిత్రుడు నవ్వాడు. "రెండూ వీడే తీశాడండీ. మొదటిది వీడికే నచ్చక మళ్ళీ తీశాడు."

"ఏరా, నేను నీకు చెప్పిందేమిటి?"

"ఒరేయ్, కప్పు విప్పితే మగ్గాలు ఆగిపోతాయి. ఆర్డర్లకు జవాబు నువ్వు చెబుతావా? నీ పని ఫొటో తీయడం. బ్రహ్మాండంగా తీశావు."

అంటే నా పనితనం అతడికి బాగా తెలుసు. తెలిసే నా దగ్గరికి వచ్చాడు. వాకిలి దాటితే షెడ్డు, వచ్చి చూడమని సభ్యులను అడిగాను. ఎవరూ లేవలేదు. టీ వచ్చింది. నేను ముట్టలేదు.

షెడ్డులోకి వెళ్ళి, ఈసారికి గాజు పెంకులు లేవని ఆవిడకు చెప్పాను. "మీరు తీసిన ఇంకో ఫొటో ఏదండీ?" అని అడిగింది. ప్రింటు చేతికిచ్చాను. కళ్ళజోడు సవరించుకుని కాసేపు తిప్పితిప్పి చూసి, గుంటలోంచి లేచి, దాన్ని పట్టుకుని తలుపు దగ్గరి వెలుగులోకి నడిచింది.