స్వెట్టరు అంచున రెండక్షరాలు

మా విన్నెస్ రేవులో సగం ఇళ్ళవాళ్ళు మెయిర్‌లు, మిగతా సగం స్లేటర్‌లు. ఎల్స్పెట్ మెయిర్ అని రాసి ఉన్న ఉత్తరం వస్తే, ఆ పేరున్న ఏడుగురిలో ఎవరికివ్వాలో తెలియక పోస్టుమాస్టరు తల గోక్కోవలసిందే. అందుకే మాలో ఇంటికో మారుపేరు. మా పెద్దమ్మవాళ్ళది గట్టిముడి. వాళ్ళ తాత కట్టిన ముడిని సముద్రం కూడా విప్పలేకపోయిందట. గట్టిముడి ఎల్స్పెట్ అన్నప్పుడు మాత్రం ఎవరికీ తాత గుర్తుకు రాడు. ఆమె మాట గుర్తుకొస్తుంది. ఒకసారి అన్నదంటే అంతే.

ఆమె మా అమ్మకు అక్క. పద్నాలుగో ఏట నన్ను బడి మాన్పించి ఆమె దగ్గర పెట్టారు. మా నాన్న పడవకు రోజూ పన్నెండు వందల గాలాలకు ఎర గుచ్చాలి. ఎరకోసం ఆల్చిప్పలు తెరిచి మాంసం తియ్యడం నా పని, గుచ్చడం ఆమె పని. నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. "నీ నోరు కూడా ఆల్చిప్పేనే మైసీ, కత్తి పెడితే గానీ తెరుచుకోదు," అనేది.

ఆమెకు పెళ్ళయిన రెండో ఏడే భర్త విలియం పడవతో పాటు పోయాడు. పదకొండు వారాల తర్వాత, ఉత్తరాన దీవుల్లో ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. మొహం చూసి పోల్చుకునే వీలు లేదు. ఒంటిమీది స్వెట్టరు చూసి అక్కడి ఆడవాళ్ళు, "ఇది విన్నెస్ అల్లిక," అని కబురు పంపారు. మా తీరంలో ఏ ఊరి అల్లిక ఆ ఊరిదే. మాది నిచ్చెన, లంగరు, వాటి మధ్య సన్నటి మెలిక. కింద అంచున తొడుక్కునేవాడి పేరు అక్షరాలు రెండు. పెద్దమ్మ వెళ్ళి ఆ రెండక్షరాలూ వేలితో తడిమి, భర్తను ఇంటికి తెచ్చుకుంది. సముద్రం మనిషి రూపు చెరిపేస్తుంది గానీ అల్లికను చెరపలేదన్నది అప్పటినుంచి ఆమెకు నమ్మకం కాదు, చూసిన నిజం.

యుద్ధం వచ్చాక, మా ఊరికి నాలుగు మైళ్ళలో ఉన్న విమానాల మైదానానికి బాంబర్లు నడపడం నేర్చుకునే కుర్రాళ్ళు వచ్చారు. పాత విమానాలు, కొత్త చేతులు. శత్రువు మొహం చూడకముందే చాలామంది పోయేవారు. మంచులో కొండ కనపడక కొందరు, ఇంజను ఆగి కొందరు. వంటింట్లో చప్పుడు విని, రెండు ఇంజన్లూ తిరుగుతున్నాయో లేదో చెప్పడం మాకు అలవాటైపోయింది. ఒకటే తిరుగుతుంటే ఎర గుచ్చే చేతులు ఆగేవి. చప్పుడు మైదానం వైపు దాటిపోయాక మళ్ళీ కదిలేవి.

ఆదివారాలు ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికి టీకి వచ్చేవాళ్ళు. లెన్ టాప్లీ ఇంగ్లండులో బూట్లు కుట్టే ఊరివాడు, వాగుడుకాయ. ఆర్థర్ క్రెబిన్ మాన్ ద్వీపంవాడు. వాడిదీ మాలాంటి జాలరి కుటుంబమే. నాలాగే మాటలు తక్కువ. ఇద్దరూ ఒకే విమానంలో తుపాకి మనుషులు.

మా ఇళ్ళలో పంది మాట ఎత్తకూడదు. ఎత్తితే పడవకు కీడు, వెంటనే ఇనుము ముట్టుకోవాలి. అది తెలిసిన దగ్గర్నుంచీ లెన్‌కు అదే ఆట.

"మెయిరమ్మా, మా మెస్సులో ఈ పొద్దున ఏం పెట్టారో చెప్పనా?"

"చెప్పకు."

"నాలుగు కాళ్ళు, మెలి తిరిగిన తోక..."

"ఒరే, ఆ పొయ్యి కడ్డీ పట్టుకో ముందు. పట్టుకున్నావా? ఇప్పుడు నోరు మూసుకుని చారు తాగు."

"ఆర్థర్ కూడా పట్టుకున్నాడు చూడండి. నేను అనకముందే."

"వాడికి బుద్ధుంది. వాళ్ళమ్మ పెంచింది. నిన్నెవరు పెంచారో."

"మా అమ్మ బూట్ల ఫ్యాక్టరీలో ఉంటుంది మెయిరమ్మా. నన్ను బూట్లే పెంచాయి."

తోక దగ్గరి తుపాకి గూట్లో చలికి కనురెప్పలు అతుక్కుపోతాయని లెన్ ఓసారి నవ్వుతూ చెప్పాడు. ఆ రాత్రే పెద్దమ్మ అల్లిక సూది మొన ఆనించుకునే తోలు పట్టీ నడుముకు బిగించి సూదులు తీసింది. గాలి దూరనంత బిగువుగా, మా ఊరి అల్లికే అల్లింది. అంచున ఎల్, టీ అని రెండక్షరాలు వేసింది. క్రిస్మసుకు ఇస్తే, లెన్ దాన్ని ఒంటికి ఆనించి చూసుకున్నాడు. "నాకిది కొంచెం పెద్దదేమో," అన్నాడు. "తిను, సరిపోతుంది," అంది పెద్దమ్మ. ఆర్థర్ ఆ మెలికల మీద వేలు పెట్టి, "మా అమ్మ కూడా ఇంత బిగువుగానే అల్లుతుంది," అన్నాడు.

1943 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, చేపలు ఆరవేస్తుండగా మేమంతా చూశాం. ఒక ఇంజనుతో వచ్చిన విమానం ఒడ్డుకు రెండు మైళ్ళలో రెక్క వాల్చి నీళ్ళలో పడింది. మగవాళ్ళు పడవలు తోసుకుని వెళ్ళారు. నూనె తెట్టె, ఒక బూటు తప్ప ఏమీ దొరకలేదు. లోపల ఉన్నది ఆరుగురు. అది మా కుర్రాళ్ళదేనని సాయంత్రానికి తెలిసింది.

ఐదు వారాల తర్వాత, రేవు కింద గులకరాళ్ళ మీదికి ఒక్కరే కొట్టుకొచ్చారు. వలలు దాచే కొట్టంలో పడుకోబెట్టారు. మెళ్ళో ఉండవలసిన పేరు బిళ్ళ లేదు. మైదానం నుంచి వచ్చిన అధికారి చిన్నవాడే. కాగితం పట్టుకుని తల దించుకుని, "పేరు తెలియని వైమానికుడు అని రాస్తాం, ఇంతకంటే చెప్పలేం," అన్నాడు.

పెద్దమ్మ ముందుకు వెళ్ళింది. చిరిగిన కోటు కింద చెయ్యి పెట్టి నిచ్చెన తడిమింది, లంగరు తడిమింది, అంచు పైకి తీసి ఆ రెండక్షరాలూ అధికారికి చూపించింది.

"రాసుకో బాబూ. లెన్ టాప్లీ."

"మీకు ఖాయమేనా అమ్మా?"

"నా మొగుణ్ణి ఇలాగే తెచ్చుకున్నాను."

అధికారి ఆ పేరే రాసుకున్నాడు. నేనూ అక్కడే, ఆడవాళ్ళ వెనక, తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

లెన్ తల్లి రెండు పగళ్ళు రైల్లో కూర్చుని వచ్చింది. సన్నటి మనిషి, వేళ్ళకు తోలు రంగు. శవపేటిక మూత తెరవనివ్వమని మెల్లగా అడిగింది. పెద్దమ్మ పేటిక మీద చెయ్యి వేసి, "వద్దమ్మా. నేను చూశాను. నీ కొడుకే. ఇది నా మాట," అంది. ఆమె ఆ మాట పట్టుకునే తిరిగి వెళ్ళింది. ఉతికి ఆరబెట్టిన స్వెట్టరు కూడా పట్టుకెళ్ళింది. ఆ తర్వాత ఏటా మే నెలలో వచ్చి మా ఇంట్లోనే దిగేది. లెన్ పేరు చెక్కిన రాయిని సబ్బుతో కడిగేది. ఆర్థర్ తల్లికి మాత్రం కనపడకుండా పోయాడనే కాగితం ఒక్కటే అందింది.

యుద్ధం ముగిసిన మరుసటేడు సెప్టెంబరులో టెడ్ ఆలర్టన్ అనే అతను మా తలుపు తట్టాడు. అదే విమానంలో బాంబులు గురిచూసే మనిషి. చెవి పోటుతో ఆ రోజు ఆసుపత్రిలో ఉండిపోయాడు, అతని బదులు వెళ్ళినవాడు పోయాడు. సమాధి చూసి వచ్చి, టీ తాగుతూ కబుర్లలో పడ్డాడు.

"లెన్ మీ స్వెట్టరు గురించి ఎంత గొప్పలు పోయేవాడో. ఆర్థరూ తక్కువ కాదు. దానికోసం ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు."

"ఆర్థర్ ఎందుకు కొట్టుకుంటాడు?" అంది పెద్దమ్మ.

"తోక గూట్లో ఇద్దరికీ వంతులు కదండీ, నేర్చుకునే రోజులు. ఎవడు వెనక్కి పోతే వాడు తొడుక్కునేవాడు. అది మనిషిది కాదు మెయిరమ్మా, సీటుది."

అతను నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి కప్పు కింద పెట్టాడు.

"ఆ రోజు వంతెవరిది?" అంది పెద్దమ్మ.

"నేను ఆసుపత్రిలో..." అని మా ఇద్దరి మొహాలూ చూసి, అప్పుడు అర్థమై, పాలిపోయాడు.

అతను వెళ్ళాక పెద్దమ్మ కప్పులు తీసి, పొయ్యి ముందు కూర్చుంది. లెన్ రాయి కింద ఉన్నది ఆర్థర్ కూడా కావచ్చు. మా ఊళ్ళో ఒకడి స్వెట్టరు ఇంకొకడు తొడగడు. తొడిగితే మునిగినవాణ్ణి ఎవరి ఇంటికి తేవాలి? చలి వేసిన వాడికి ఇచ్చేసుకుంటారన్న ఆలోచనే ఆ రోజు కొట్టంలో ఎవరికీ రాలేదు.

ఒక్క నాకు తప్ప.

"నీ కంటపడనిది ఉండదు. నీకేమైనా తెలుసా మైసీ?" అంది.

చెప్పాను. విమానం పడడానికి ముందు ఆదివారం ఆర్థర్ ఒక్కడే వచ్చాడు. బొగ్గు తీసి పొయ్యిలో వెయ్యడానికి వంగినప్పుడు, కోటు కింద ఆ అంచు కనిపించింది, ఆ రెండక్షరాలతో సహా. నేను చూశానని వాడూ చూశాడు. కోటు లాక్కుని ఎర్రబడ్డాడు. కొట్టంలో నాకు అదే గుర్తొచ్చింది. ఒక రోజు తొడుక్కుంటే ఏమైంది, పెద్దమ్మకు తెలియనిదా అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, అంతమంది పెద్దవాళ్ళ మధ్య నోరు తెరవలేకపోయాను.

"మూడేళ్ళా?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆర్థర్ తల్లికి వెంటనే రాద్దామని నేనన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఒకావిడ చేతిలో పెట్టిన కొడుకును, ఆవిడకు చెప్పకుండా ఇంకొకరికి పంచుతామా? మేలో వస్తుందిగా. ముందు మొహం చూసి చెప్తాను. ఇది కాగితం మీద చెప్పే సంగతి కాదు." ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. ఆ చలికాలం అంత మంచు నేనెన్నడూ ఎరగను. మే దాకా ఆగాం.

లెన్ తల్లి టాప్లీ గారు వచ్చిన సాయంత్రమే పెద్దమ్మ చెప్పింది, తన తప్పు ఇసుమంత కూడా తగ్గించకుండా. నా సంగతి ఎత్తనే లేదు. ఆవిడ చేతి తొడుగులు మడుస్తూ, విప్పుతూ విన్నది.

"మీరు పెట్టె మీద చెయ్యి వేసి చెప్పారు," అంది.

"చెప్పానమ్మా."

"అయితే మళ్ళీ చెప్పండి."

పెద్దమ్మ నోరు తెరిచింది. గట్టిముడి ఎల్స్పెట్ తానన్న మాటే మళ్ళీ అనలేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. టాప్లీ గారు ఆ రాత్రి మా ఇంట్లో పడుకోలేదు. స్టేషనులో కూర్చుని మొదటి రైలు ఎక్కిందని తర్వాత తెలిసింది.

ఆగస్టులో ఒక పొట్లం వచ్చింది. లోపల స్వెట్టరు, ఒక చీటీ. "మీ చేతి పని మీకే తెలియాలి. ఇంకొకసారి చూడండి."

పెద్దమ్మ మూడు రోజులు కిటికీ దగ్గర ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఎడమ మోచెయ్యి రెండు చోట్ల అరిగి ఉంది, వేలెడు ఎడంగా. ఒకటి పొట్టి చెయ్యి వంగిన చోటు, ఇంకొకటి పొడుగు చెయ్యి వంగిన చోటు. "ఇద్దరూ ఉన్నారే ఇందులో," అంది. "చివరిసారి తొడుక్కున్నది ఎవరో మాత్రం ఇందులో లేదు."

అదే రాయించి, స్వెట్టరు తిరిగి పంపింది. అదే రోజు ఆర్థర్ తల్లికి కూడా రాయించింది. టాప్లీ గారి జవాబు రెండు వరుసలు. "ఆమెను మేలో రమ్మనండి. నేను జూన్‌లో వస్తాను."

మాన్ ద్వీపం నుంచి వచ్చిన జవాబు ఆర్థర్ చెల్లెలు రాసింది. వాళ్ళమ్మ ఆ ఫిబ్రవరిలోనే, ఆ మంచులోనే పోయింది. మేమాగిన చలికాలంలో. ఎక్కడ ఎవరు ఒడ్డుకు వచ్చారని విన్నా, ఏ అల్లిక వేసుకున్నాడని అడిగి రమ్మనేదట.

నేను చదువుతుంటే పెద్దమ్మ ఆల్చిప్పల కత్తి నా చేతిలోంచి తీసుకుని, ఆ రోజు నా పని కూడా తానే చేసింది. తప్పు సగం నాదని ఆమె ఎప్పుడూ అనలేదు. తన సగాన్ని మాత్రం పోయేదాకా మోసింది. స్వెట్టర్లు అల్లడం మానలేదు, అంచున అక్షరాలు వెయ్యడం మానేసింది. "ఇది ఎవరిది పెద్దమ్మా?" అని ఊళ్ళోవాళ్ళు అడిగితే, "చలేసినవాడిది," అనేది.

ఆమె పోయి రెండేళ్ళయింది. రాయి మీద పేరు మార్చడం కుదరదని అధికారుల నుంచి ఎప్పుడో జవాబు వచ్చింది. టాప్లీ గారు జూన్‌లో వస్తారు, మా ఇంట్లోనే దిగుతారు. ఆర్థర్ తల్లికని వదిలిన మే ఖాళీగా ఉంటుంది కాబట్టి నేను వెళ్తాను. గట్టు మీది గులాబీరంగు పూలు కోసుకెళ్ళి, రాయి పక్కన పెట్టి, రెండు పేర్లూ బయటికి వినపడేలా చెప్తాను. చుట్టుపక్కల ఎవరున్నా సరే.

జూన్‌కు నా పూలు ఎండిపోయి ఉంటాయి. టాప్లీ గారు రాయి కడుగుతూ వాటిని చూస్తారు. తీసెయ్యరు. తన పూలు పక్కన పెడతారు.