పాత ఇంటిపేరు మీద వచ్చిన వీసా

పెళ్లయిన ఆరో నెలలో నా పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించుకున్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మా ఆయన కడపలో బస్సుల మెకానిక్కు. "మార్చకపోతే ఏమయితాది, ఉండనీలే" అన్నాడు. నేనే పట్టుబట్టినాను. పాత ఇంటిపేరు మా నాయనది. నేను నాలుగో తరగతిలో ఉండగా ఆయన ఆదోనికి హమాలీ పనికని పోయి ఆడనే ఇంకొక ఆమెతో ఇల్లు పెట్టుకున్నాడు. బళ్లో హాజరు పిలిచినప్పుడు, పరీక్ష హాల్లో, నర్సింగు సర్టిఫికెట్టు మీద, నా పేరు కన్నా ముందు ఆయన ఇంటిపేరే వచ్చేది. పెళ్లితో దాన్ని వదిలించుకోవచ్చని తెలిసినాక నాకు ఆగబుద్ధి కాలేదు.

మా అమ్మ వేంపల్లె దగ్గర మా పల్లెలో రెండేళ్లు శెనక్కాయ చేలల్లో కూలికి పోయి, నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి కువైటు పోయింది. అప్పటి నుంచి ఆడ ఒకే అరబ్బు సేటు ఇంట్లో వంటమనిషి. రెండు మూడేళ్లకొకసారి వచ్చి నెల రోజులుండి పోయేది. నేను నర్సింగు అయిపోగానే నన్ను కూడా అక్కడి ఆస్పత్రిలో పెట్టించాలని ఆశపడింది. అందుకే నాకు పాస్‌పోర్టు తీయించి, దాని జిరాక్సు తన సూట్‌కేసులో పెట్టుకుని పోయింది. ఆ ఉద్యోగం కుదరలేదు. నేను కడపలోనే ఒక చిన్న ఆస్పత్రిలో చేరినాను.

కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్పినాను. "మంచి పని చేసినావు పాపా. నువ్వన్నా బయటపడినావు. నాకు ఈడ ఆ కాగితాలన్నీ మార్చుకునేదానికి కుదరదు" అనింది. ఆమె పాస్‌పోర్టులో భర్త అని రాసిన చోట మా నాయన పేరు అట్లనే ఉండిపోయింది.

తర్వాతి ఏడాది ఎండాకాలంలో అమ్మకు పక్షవాతం వచ్చింది. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది కువైటులో పక్క ఇంట్లో పనిచేసే రాయచోటి ఆమె. నేను ఆమెను పిన్నమ్మా అని పిలుస్తాను. "కుడి పక్కంతా పడిపోయింది పాపా. మాట తిరగడం లేదు. నీ పేరొకటే అర్థమయితాంది" అనింది. సేటు కూతురు మంచిదే. అమ్మ చేతుల మీద పెరిగిన పిల్ల. నాకు విజిటింగు వీసా పెట్టిస్తానని అమ్మ సూట్‌కేసు తెరిచి చూస్తే నా పాస్‌పోర్టు జిరాక్సు దొరికిందంట. నన్ను అడగాలని ఆ పిల్లకు తోచలేదు. కాగితం చేతిలో ఉండగా ఎందుకు అడుగుతాది?

నాలుగు రోజులకు వీసా ఫోన్‌లోకి వచ్చింది. నా ఫోటో, పుట్టిన తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంటిపేరు పాతది, పాస్‌పోర్టు నంబరూ పాతదే. టికెట్లు చేసే ఆయన దగ్గరికి పరిగెత్తినాము. ఆయన వీసా చూసి, రద్దయిందని మూల కత్తిరించిన నా పాత పాస్‌పోర్టు చూసి, "రెండు పాస్‌పోర్టులూ పట్టుకుపోండి. పెళ్లి సర్టిఫికెట్టు కూడా పెట్టుకోండి. చానామంది అట్ల పోయినారు" అన్నాడు. నిజంగా అట్ల ఎవరన్నా పోయినారో లేదో నాకు తెలీదు. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మినాను.

చెన్నై విమానాశ్రయంలో వరసలో నిలబడి ఉన్నప్పుడు పిన్నమ్మ వీడియో కాల్ చేసింది. అమ్మ ఆస్పత్రి మంచం మీద ఉంది. నోరు ఒక పక్కకు లాగేసింది. "విమానం ఎక్కతాండా మా, సాయంత్రానికల్లా నీ దగ్గర ఉంటా" అన్నాను. ఎడమ చెయ్యి కొంచెం ఎత్తింది.

కౌంటర్‌లో అమ్మాయి నాకంటే చిన్నది. కాగితాలన్నీ వరసగా పరిచి చూసింది. పెళ్లి సర్టిఫికెట్టు కూడా చదివింది. తర్వాత తన పైనున్న పెద్దాయనను పిలిచింది. ఆయన తమిళం కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పినాడు.

"ఈ వీసా ఇచ్చింది రద్దయిపోయిన పాస్‌పోర్టు మీదమ్మా. కొత్త పాస్‌పోర్టు మీద మీకు వీసా లేదు."

"రెండూ నావే సార్. పెళ్లయినాక పేరు మార్చుకున్నా, అంతే."

"అది నాకు అర్థమయింది. కానీ మేము ఎక్కించినా, అక్కడ దిగినాక మిమ్మల్ని బయటికి పోనీరు. అదే విమానంలో వెనక్కి పంపిస్తారు. వీసా ఇచ్చినవాళ్లే అక్కడ మార్పించాల."

"మా అమ్మ ఆస్పత్రిలో ఉంది సార్."

ఆయన కాగితాలన్నీ ఒకచోట చేర్చి నా చేతికిచ్చినాడు. నా వెనక ఉన్నవాళ్లు పెట్టెలు ముందుకు జరుపుకున్నారు. మా ఆయన లోపలికి రాలేడు, అద్దం అవతల నిలబడి నన్నే చూస్తాన్నాడు. నేను పెట్టె లాక్కుంటూ బయటికి వస్తాంటే ఆయనకు ఏమీ చెప్పకుండానే తెలిసిపోయింది.

కడపకు తిరిగొచ్చే బస్సులో పిన్నమ్మకు ఫోన్ చేసి, అమ్మకు ఈ సంగతి చెప్పొద్దన్నాను. సేటు కూతురు కొత్త పాస్‌పోర్టు కాపీతో మళ్లీ దరఖాస్తు పెట్టింది. అక్కడ ఏవో సెలవులు, ఆఫీసులు మూసినారు. నేను రోజూ డ్యూటీకి పోయి ఎవరెవరికో సూదులు వేసినాను, బీపీ చూసినాను, పడిపోయిన కాళ్లూ చేతులూ ఎట్ల కదిలించాలో వాళ్ల పిల్లలకు నేర్పించినాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పిన్నమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఆ రెండో వీసా తర్వాత వచ్చిందో లేదో నేను అడగలేదు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. కువైటులో చనిపోయినవాళ్లను ఊరికి పంపే పనిలో సాయపడే మనవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లలో ఒకాయన ఫోన్ చేసినాడు. "అమ్మా, శవాన్ని పంపేదానికి ఇంటోళ్ల ఒప్పుదల లెటర్ కావాల. పాస్‌పోర్టులో భర్త పేరుంది. ఆయనతో సంతకం పెట్టించి పంపు."

"ఆయన మమ్మల్ని వదిలేసి ఇరవై ఏండ్లయిందన్నా. కూతుర్ని నేనున్నా కదా."

"నీ ఇంటిపేరు అమ్మ ఇంటిపేరుతో కలవడం లేదు కదమ్మా. భర్త బతికుంటే ఆయనే ఇయ్యాల. వేరే దారిలో పోతే ఇంకా నెలలు పడతాది."

నేనూ మా ఆయనా ఆదోనికి పోయినాము. వాళ్లనూ వీళ్లనూ అడిగి ఇల్లు పట్టుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తలుపు తీసింది నాయనతో ఉండే ఆమె. నన్ను చూసి ఎవరని అడగలేదు. "కూర్చో పాపా" అని నీళ్లు తెచ్చి పెట్టింది. నాయన లోపలి నుంచి వచ్చినాడు. మూటలు మోసి మోసి నడుము వంగిపోయింది. ఏమని పిలవాలో నాకు తెలియలేదు. కాగితం చేతికిచ్చినాను.

"ఏం రాసినారు దీంట్లో?" అన్నాడు. అది ఇంగ్లీషులో ఉంది.

"అమ్మను ఈడికి తెచ్చేదానికి మీకు ఇష్టమేనని."

"ఎప్పుడు పోయింది?"

"శుక్రవారం."

ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెట్టినాడు. ముందు ఇంటిపేరు, తర్వాత తన పేరు.

దాన్నీ, నాయన ఆధార్‌నూ ఫోన్‌లో పంపితే గంటలో జవాబొచ్చింది. ఆయన ఆధార్‌లో పేరుకు, అమ్మ పాస్‌పోర్టులో పేరుకు ఇంగ్లీషులో ఒక అక్షరం తేడా ఉంది. రెండూ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్టు చేయించాలంట. నాయనే చొక్కా వేసుకుని, "పాండి, పోదాం" అన్నాడు. కోర్టు ముందర టైపు కొట్టే ఆయన దగ్గర రెండు గంటలు పక్కపక్కన బెంచీ మీద కూర్చున్నాము. ఒకసారి మాత్రం అడిగినాడు.

"మట్టి చేసేటప్పుడు నన్ను రమ్మంటావా?"

ఒక మాట చెప్పి ఉండొచ్చు. ఒద్దనాలనీ లేదు, రమ్మనేదానికీ నోరు రాలేదు. ఆయన మళ్లీ అడగలేదు. తర్వాత రానూ లేదు.

ఇంకో పది రోజులకు అమ్మ చెన్నైకి వచ్చింది. శవాన్ని తీసుకునే మనిషిగా కాగితాల్లో నాయన పేరే ఉంది. ఆయన రాసిచ్చిన ఇంకొక లెటర్ చూపించి మా ఆయన సంతకం పెట్టి తీసుకున్నాడు. నేను అంబులెన్సులో కూర్చునే ఉన్నాను. నా సంతకం ఎక్కడా అవసరం పడలేదు. రోజులు ఎక్కువైనాయని, పెట్టె తెరవొద్దని చెప్పినారు. నేను నర్సును. ఎందుకు తెరవొద్దన్నారో నాకు తెలుసు. పల్లెలో చర్చి వెనక, అమ్మమ్మ సమాధి పక్కనే మట్టి చేసినాము. ఆడోళ్లు ముఖం చూపించమని ఏడ్చినారు. నేనే వద్దన్నాను.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు మా ఆయన, "ఆ పేరు మళ్లీ పాతదానికే మార్చుకుంటావా?" అని అడిగినాడు. నా మనసు తేలిక చెయ్యాలనే అడిగినాడు పాపం. నేను లేచి లోపలికి పోయినాను. అమ్మ ఉన్నప్పుడు మార్చకుండా ఉండాల్సింది. లేదంటే మార్చిన రోజే ఆ పాత జిరాక్సు చించెయ్యమని ఒక మాట ఆమెకు చెప్పి ఉండాల్సింది. ఇది నేను రోజూ అనుకుంటాను. ఆస్పత్రిలో చీటీ రాసేటప్పుడు అనుకుంటాను, అన్నం తినేటప్పుడు అనుకుంటాను.

పోయిన నెల పిన్నమ్మ సెలవు మీద వచ్చి, రాయచోటి నుంచి పనిగట్టుకుని మా ఇంటికి వచ్చింది. అమ్మ బట్టలు, బైబిలు, ఒక వాచీ తెచ్చింది. నువ్వు రావడం లేదని మీ అమ్మకు నేను చెప్పలేదు పాపా అనింది. నేను వస్తానన్న ఆ రోజు సాయంత్రం నుంచి అమ్మ, నర్సుకు ఎడమ చేత్తో సైగ చేసి, మంచం తలుపు వైపుకు తిప్పించుకుందంట. తొమ్మిది రోజులూ అట్లనే పడుకుందంట. తినిపించేదానికి ముఖం పక్కకు తిప్పినా మళ్లీ అటే తిరిగేదంట.

నేను లేచి పిన్నమ్మకు కాఫీ పెట్టినాను. ఆమె తాగేంతవరకు ఎదురుగా కూర్చుని, బస్టాండు దాకా పోయి బస్సు ఎక్కించి వచ్చినాను.