వీధికి వీపు

ఫ్యాక్షన్ ఏళ్లు నేర్పిన అలవాటు: పులివెందుల టీ హోటల్లో గొర్రెల గంగులయ్య ఎప్పుడూ గోడకు వీపానించి, వీధికెదురుగానే కూర్చుంటాడు. ఆ పొద్దు కూతురు శ్యామల రెండు విదేశీ యూనివర్సిటీల పరిచయ పుస్తకాలు బల్ల మీద పరిచింది. ఎమ్మెస్సుకు రెండుచోట్లా సీటొచ్చింది. సాయంత్రంలోగా ఒకటి తేల్చాలి. "యాడికి పోదునో చెప్పు నాయనా అంటే, బొమ్మలు సూస్తాండావేంది?" సంతలో గొర్రె పళ్లు చూసినంత శ్రద్ధగా పుటలు తిప్పి, ఆయన ఒక బొమ్మ మీద వేలుంచాడు. అందులో పిల్లలు దారికి వీపులు పెట్టి పచ్చిక మీద నిద్రపోతున్నారు.

"ఈడ ఎవురికీ ఎనక్కి సూసుకునే పని లేదు పాపా. ఈడికే పో."

"నా మనసూ దాని మీదనే ఉండాది!" శ్యామల పకపకా నవ్వింది. గంగులయ్య లేచి ఇవతలికొచ్చి, వీధికి వీపు పెట్టి కూతురి పక్కన కూర్చున్నాడు. వీపు మీద ఎండ వెచ్చగా వాలింది. "ఇంకో రెండు టీలప్పా!" అని కేకేశాడు.