ఐదు నొక్కితే నాలుగు మోతలు

2022 ఫిబ్రవరి. ఖమ్మం నుంచి ముదిగొండ వెళ్లే దారిలో, ఒక పాత మొరం గుంటలో మా షూటింగ్ క్లబ్ రేంజ్ ఉంది. మూడు వైపులా ఎత్తైన మట్టికట్ట. రోడ్డు మీద మిర్చి ట్రాక్టర్లు యార్డుకు బారులు తీరే రోజులవి. గాలి ఇటు తిరిగిందంటే షూటర్లందరికీ తుమ్ములే. తుమ్ము వచ్చేటట్టుంటే ముందు పిస్టల్ బల్ల మీద పెట్టి, తర్వాత తుమ్మాలని నేనే రూలు పెట్టాను. నేనక్కడ కోచ్‌ని. పోటీల రోజు రేంజ్ ఆఫీసర్‌ని కూడా.

ఆ ఉద్యోగం ఏమిటని చాలామంది అడుగుతారు. ప్రాక్టికల్ పిస్టల్ పోటీలో షూటర్ ఒకచోట నిలబడి గురి చూస్తూ ఉండడు. చెక్క అడ్డుల చాటు నుంచి కదులుతూ, ఇనుప పలకలను వరసగా కొట్టి పడేయాలి. ఆ వరసను స్టేజ్ అంటాం. గురి ఎంత ముఖ్యమో వేగమూ అంతే. రేంజ్ ఆఫీసర్ టైమర్ పట్టుకుని షూటర్ కుడి భుజానికి ఒక్క అడుగు వెనకే నడవాలి. ప్రమాదం కనిపిస్తే "స్టాప్" అనాలి. అంతకు మించి నోరు మెదపకూడదు. ఈ చివరి ముక్క నాకెప్పుడూ చేతకాలేదు. నా నోటి సంగతి క్లబ్‌లో అందరికీ తెలుసు.

ఓదెలు బాబాయ్ కొత్తగూడెం వైపు బొగ్గు గనిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరైన మనిషి. అంటే బొగ్గు పొరకు రంధ్రాలు వేయించి, మందు కూరి పేల్చేవాడన్నమాట. ఖమ్మంలో ఇల్లు కట్టుకుని మా దగ్గర చేరాడు. చేరిన రోజే రెండు చేతులూ నా ముందు చాపాడు.

"ముప్పై ఏండ్లు మందుతోని పనిజేసిన బిడ్డా. పది వేళ్లు పదీ ఉన్నయి. నీ దగ్గర ఒక్కటి గూడ పోవద్దు."

"నేను చెప్పినట్టు చేస్తే పోవు బాబాయ్," అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయనకో అలవాటుంది. పిస్టల్ పేలిన ప్రతిసారీ ఒకటి, రెండు అని గొణిగేవాడు. దానివల్ల వేగం తగ్గిపోతోందని నాకు ఒళ్లు మండేది.

"ఎక్కాలు చదువుతున్నారా బాబాయ్?"

"గనిల గట్లనే బిడ్డా. ఎన్ని మందులు పెట్టినమో అన్ని మోతలు ఇనాలె. ఒక్క మోత తక్కువైనా లోపల పేలనిది ఉన్నట్టే. ఇగ ఎవ్వన్నీ లోపలికి పోనియ్యం."

నేను నేర్పే పద్ధతి వేరు. పిస్టల్ మొరాయిస్తే ఆలోచించకుండా పైనుండే స్లైడ్‌ను వెనక్కి లాగాలి. లోపలున్న తూటా బయట పడి కొత్తది ఎక్కుతుంది. వెంటనే కొట్టాలి. మా క్లబ్‌లో దీన్ని 'లాగు-కొట్టు' అనేవాళ్లం. చేతులు వాటంతట అవే చేసేసేదాకా అందరికీ నూరిపోశాను.

ఆ ఆదివారం క్లబ్ పోటీ. ఎప్పుడూ అట్టడుగున ఉండే బాబాయ్, చివరి స్టేజ్ దగ్గరికి వచ్చేసరికి అందరికంటే ముందున్నాడు. ఆయనకంటే నాకే ఆత్రం ఎక్కువైంది. టైమర్ కూసింది. నాలుగు పలకలు టకటకా పడ్డాయి. ఐదోది పడలేదు. పిస్టల్ ఆగింది, బాబాయ్ కూడా ఆగిపోయాడు. నా కళ్లు మాత్రం టైమర్ మీదే ఉన్నాయి.

"లాగు-కొట్టు బాబాయ్!"

ఆయన కదల్లేదు. పిస్టల్ మూతి మట్టికట్ట వైపే ఉంచి, ట్రిగ్గర్ మీది వేలు తీసి పక్కకు చాపాడు.

"కొట్టండి బాబాయ్, టైం పోతోంది."

"కొట్ట," అన్నాడు తల తిప్పకుండానే. "ఐదు నొక్కిన. నాలుగే మోతలు. ఐదోది తుస్సుమన్నది."

నా కళ్లు టైమర్ మీంచి పైకి లేచాయి. అప్పుడు అన్నాను "స్టాప్" అని.

పిస్టల్ ఖాళీ చేయించి, గొట్టం తుడిచే కడ్డీ దూర్చి చూశాం. సగానికి వెళ్లి ఆగిపోయింది. గుండు మధ్యలో ఇరుక్కుని ఉంది. మందు సరిగా లేని తూటా ఇలా తుస్సుమంటుంది, మేం స్క్విబ్ అంటాం. దాని వెనక ఇంకొకటి కొడితే గొట్టం చీలిపోవచ్చు. ముందు ఆయన చేతులున్నాయి, భుజం పక్కనే వంగి నా ముఖం ఉంది. రేంజ్‌లో రక్షణకు పెట్టుకునే కళ్లద్దాలు ఎంతవరకు కాపాడేవో చెప్పలేను. ఈ పాఠం నేను చదివి పరీక్ష పాసైనదే, పదిమందికి చెప్పినదే. తీరా దాని అవసరం వచ్చిన రోజున నా చెవికి ఎక్కనే లేదు.

తూటా చెడ్డదైనా మళ్లీ కొట్టే అవకాశం మా క్లబ్ రూల్లో లేదు. బాబాయ్ ఆరో స్థానానికి పడిపోయాడు. బహుమతులు ఇచ్చేటప్పుడు నేను లేచి, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. తర్వాత చాయ్ పట్టుకుని వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఒక గ్లాసు ఆయన చేతికిచ్చాను.

"నేను అంతగా అరిచినా ఎందుకు కొట్టలేదు బాబాయ్?"

"నువ్వు సెకన్లు లెక్కవెడుతున్నవ్, నేను మోతలు లెక్కవెడుతున్న. గనిల పెద్ద సార్లు గూడ జల్దీ జల్దీ అని ఒర్రేటోళ్లు బిడ్డా. ఒర్రితే పోతమా?"

"కప్పు పోయింది కదా."

"కప్పేం జేసుకుంట? చాయ్ తాగనీకి నీ గ్లాసు ఉన్నది."

నేర్పేవాళ్లకు నోరు ఉంటే సరిపోదని, చెవులు కూడా ఉండాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు మా క్లబ్‌లో 'లాగు-కొట్టు' లేదు, 'విను' అన్నదే మొదటి మాట. కొత్తగా చేరినవాళ్లను పిస్టల్ ముట్టుకోనివ్వకముందే వెనక నిలబెట్టి, కళ్లు మూయించి మోతలు లెక్కపెట్టమంటాను. టైమర్ పట్టుకుని నడిచేటప్పుడు నేనూ గొణుగుతాను. చెవిలో రొద పెడుతోందని కొందరు కమిటీకి ఫిర్యాదు చేశారు. చేసుకోనీ.

బాబాయ్ ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తాడు. గేటు దాటగానే రెండు చేతులూ నా ముందు చాపుతాడు. నేను లెక్కపెట్టి "పది" అంటాను.

"మరి నీ కండ్లు?"

"రెండూ ఉన్నాయి బాబాయ్. మీరు ఉంచినవే."