జగ్గమ్మ కట్టిన జోలె

జగ్గమ్మ చేపల తట్ట మోసే తీరును నేను చాలాకాలం గమనించాను. కోటబొమ్మాళికి తూర్పున, సముద్రపు ఒడ్డు పల్లె ఆమెది. భర్త ఎల్లాజీ తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. దొరికిన చేపను ఆరు మైళ్ళు నడిచి కోటబొమ్మాళి సంతలో అమ్ముకురావడం ఆమె వంతు. మెడ నిటారుగా, చూపు దారి మీద ఉండేది. తట్ట నెత్తిన ఉన్నంతసేపు ఆమె తల వంచదు. వంచితే చేపలు నేలపాలు.

1968 వేసవిలో ఆమెకు మూడో కాన్పు. ముందు ఇద్దరూ ఆడపిల్లలు, ఈసారి మగబిడ్డ. రెండో నెల నిండగానే పాత చీరతో జోలె కట్టి, బిడ్డను అందులో వేసుకుని మళ్ళీ దారి పట్టింది. జోలె నడుము దాకా వేలాడేది. బిడ్డ బరువు కిందికి ఉంటే తట్ట ఊగదని ఆ పల్లె ఆడవాళ్ళ నమ్మకం. సంతలో నలుగురి కళ్ళూ పడతాయని అత్త కూర్మమ్మ జోలె మూతిని కొంగుతో కప్పించేది.

ఒక సంతరోజు ఉదయం రైలు గేటు వేసి ఉంది. జగ్గమ్మ ఆగినచోటే వేరుశనగకాయలు అమ్మే తాతమ్మ కూర్చుని ఉంది. అక్కడ జరిగినది ఇద్దరినీ వేరువేరుగా అడిగి తెలుసుకున్నాను. మాటల్లో తేడా లేదు.

"ఒసే జగ్గీ, నీ కొడుకేటే ఉలకడూ పలకడూ? జమీందారు బిడ్డా ఏటి?"

"తొంగున్నాడప్పా. పల్లె దాటినకాడి నుంచీ కిక్కురుమన్లేదు. బంగారు కొండ."

"అంతసేపా? ఏదీ, సూడనీ."

తాతమ్మ కొంగు తీసింది. బిడ్డ జోలె అడుగుకు జారిపోయాడు. గడ్డం వాడి రొమ్ముకే ఆనుకుని ఉంది; ముక్కు గుడ్డలో కూరుకుపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఓలమ్మో! గుంటడికి ఊపిరాడట్లేదే!"

తట్ట దించడానికి ఎప్పుడూ మరొకరి చెయ్యి కావాలి. జగ్గమ్మ ఎవరికోసమూ ఆగలేదు. తల వంచేసింది. నెత్తళ్ళు, కానాగంతలు, తట్టలోని చేపలన్నీ గేటు ముందు చెల్లాచెదురయ్యాయి. తాతమ్మ బిడ్డను బయటకు తీసి, గడ్డం పైకెత్తి, వీపూ అరికాళ్ళూ గట్టిగా రుద్దింది. ఎంతసేపో ఇద్దరూ చెప్పలేకపోయారు. గూడ్సు బండి సగం దాటేలోగా బిడ్డ ఏడ్చాడని గేటుమనిషి చెప్పాడు.

అప్పట్లో కోటబొమ్మాళిలో నేను వైద్యుణ్ణి. నా దగ్గరకు తెచ్చేసరికి బిడ్డకు రంగు తిరిగి వచ్చింది. గుండె సవ్యంగా కొట్టుకుంటోంది. మర్నాటి వరకు ఉంచి చూశాను. ఏ లోపమూ కనిపించలేదు. కబురంది వచ్చిన కూర్మమ్మ దిష్టి అన్నది. ఎల్లాజీ ఎండదెబ్బ అన్నాడు. ఊహలతో తేలదని, దుప్పటిని మూటగా చుట్టి జోలెలో వేసి, ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని జగ్గమ్మను నడవమన్నాను. ఇరవై అడుగులకే మూట ముడుచుకుని అడుగుకు జారింది.

"మూట ఎలా ఉంది జగ్గమ్మా?"

"నాకేటి అవుపడతాది బాబూ? వంగితే తట్ట పడిపోదా?" అంటూనే ఆమె ఆగిపోయింది. జోలె వేలాడితే బిడ్డ ముడుచుకుని ఊపిరాడదనీ, తట్ట నెత్తిన ఉంటే అది తనకు కనపడదనీ నేను వివరించవలసిన పని లేకపోయింది.

ఆమెను అజాగ్రత్తపరురాలనడం అన్యాయం. కొంగే కారణమనీ అనలేను. జారిన బిడ్డను అది కనపడకుండా చేసింది, అంతే. ఇద్దరు మనవరాళ్ళూ అలాంటి జోలెలోనే పెరిగారని కూర్మమ్మ వాదించింది. నిజమే. అది వాళ్ళ అదృష్టానికి సాక్ష్యం, కట్టిన పద్ధతికి కాదు.

జగ్గమ్మ జోలెను పైకెత్తి బిగించింది. బిడ్డ నడినెత్తి తన గడ్డానికి తగిలేటట్టు, ముఖం తెరిచి ఉండేటట్టు కట్టుకుంది. ఇక చూడలేకపోయినా ఊపిరి మెడకు తెలుస్తుంది. కూర్మమ్మ కొంగు కప్పించడం మాని, బిడ్డ చెంపకు పెద్ద కాటుక చుక్క పెట్టింది. దానికి నా అభ్యంతరం లేదు.

నెల తిరిగాక జగ్గమ్మ మా వీధిన వెళుతూ కనిపించింది.

"ఊపిరి తగులుతోందా?" అని అడిగాను.

"ఊపిరేటి బాబూ, సొంగంతా నా మెడ మీదే! దారి పొడుగునా ఒకటే గోల. సెవులు సిల్లులు పడిపోతన్నాయి."

"ఏడవనియ్యి."

"ఏడవనీ, నానేటి వద్దన్నానా!" అంటూ సంత వైపు సాగిపోయింది.